గడప రాయి మీద కొక్కెం

రాతి మీద తప్పు చెక్కినవాడికి దిక్కు లేదు. కాగితం మీద రాసేవాడు కొట్టేసి పక్కన మళ్ళీ రాసుకుంటాడు. నోటితో అన్నవాడైతే, అబ్బే నేనలా అనలేదు, మీకే అలా వినబడింది అని దులిపేసుకుంటాడు. రాయి అలా కాదు, అన్నది అన్నట్టు పట్టుకుని కూర్చుంటుంది. ఈ సంగతి ముత్యాల మేస్త్రికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అయినా అరవై ఆరేళ్ళ వయసులో ఆయనే తప్పు చెక్కాడు. అదీ, పోతే మళ్ళీ దొరకని రాయి మీద.

ముత్యాలు ఆయన పేరు కాదు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని ఎప్పుడో ఎవరో అన్నారు, ఆ మాట జిగురులా అంటుకుపోయింది. సమాధి రాళ్ళు, శంకుస్థాపన పలకలు, ఇళ్ళ పేర్లు, నలభై ఏళ్ళుగా ఇదే పని. రోడ్డు వారగా రేకుల షెడ్డు. మూడు వైపులా గోడలు, నాలుగోవైపు తెరిచి ఉంటుంది. లోపల పొడుగాటి బల్లలు రెండు, గోడకు వరసగా ఉలులు, నీళ్ళ బకెట్టు, తడిగుడ్డలు, అన్నిటి మీదా తెల్లటి రాతిపొడి. పని మీదనుంచి లేచాడంటే, మధ్యాహ్నం భోజనానికైనా సరే, ప్రతి ఉలినీ కడిగి తుడిచి నూనెగుడ్డతో ఒత్తి గోడకు పెట్టందే ఆయన కాలు బయటికి కదలదు. ఇల్లు తగలబడుతోందని కబురొచ్చినా మా మామయ్య ఉలి కడుక్కునే వస్తాడని కోడలు వెక్కిరిస్తుంది. ఏమాటకామాటే, ఆ వెక్కిరింతలో అబద్ధమేమీ లేదు.

ఆ షెడ్డులో ఇంకో పద్ధతి కూడా ఉంది. ముందు రాతి మీద సుద్దతో రాయాలి. రాశాక రెండో మనిషి వచ్చి దాన్ని వెనకనుంచి చదవాలి, చివరి అక్షరం మొదలుకుని మొదటి అక్షరం దాకా, ఒక్కొక్కటే, పైకి. ముందునుంచి చదివితే కన్ను ఉన్నదాన్ని చూడదు, ఉండాల్సినదాన్ని చూస్తుంది. వెనకనుంచి చదివితే అర్థం అడ్డురాదు, అక్షరం ఒక్కటే కనబడుతుంది. ఆ రెండో మనిషి కోడలే. చెక్కిన అక్షరాలకు నల్లరంగు నింపేది కూడా ఆమే. మాటకు మాట అప్పజెప్పే రకం. ఒకసారి ఎవరో పెద్దాయన సమాధి రాతి మీద మేస్త్రి సుద్దతో లేని దీర్ఘం పెడితే, "మామయ్యా, ఈ దీర్ఘం చూశాడంటే ఆయన ఇంకోసారి పోతాడు" అంది. మేస్త్రి నవ్వుతూనే తుడిచేశాడు.

ఇంత వాగే ఇంట్లో ఒక్క మాట మాత్రం ఎవరూ అనరు.

నాలుగేళ్ళ కిందటి సంగతి. మేస్త్రికి ఒక్కగానొక్క కొడుకు, అంటే ఈ కోడలి మొగుడు, క్వారీ నుంచి లారీలో రాళ్ళు తెస్తూ మధ్యాహ్నం పూట పెళ్ళానికి ఫోన్ చేశాడు. ఆకలి దంచేస్తోంది, కంచాలు పెట్టెయ్, వచ్చేశాననుకో అన్నాడు. ఆమె కంచాలు పెట్టేసింది. వాన పడుతోంది, మలుపులో లారీ జారింది. కంచం పెట్టినచోటే ఉండిపోయింది, మనిషి రాలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో 'అనుకో' అన్న మాట లేదు. అయిపోయిందనుకో, తెచ్చేశాననుకో అని రోజుకు పదిసార్లు అనే మేస్త్రి, అది నాలుక చివరిదాకా వచ్చినా మింగేస్తాడు. వాళ్ళేమీ ఒట్టు పెట్టుకోలేదు, దాన్ని గురించి మాట్లాడుకోనూ లేదు. మాట పోయింది, అంతే.

ఇక రాయి సంగతి. పోయిన నెల ఒక ముసలి పంతులమ్మ నలుగురు మనుషులతో ఒక పాత రాయిని తోపుడుబండి మీద తెచ్చింది. గడప రాయి అది. నడుమ తొక్కి తొక్కి పల్లం పడిపోయింది. మేస్త్రి అలవాటుకొద్దీ ఆ పల్లంలో అరచెయ్యి పెట్టి చూశాడు, పసిపిల్ల బుగ్గంత నున్నగా ఉంది. ఇది ఎవరింటిదమ్మా అని అడిగితే, పంతులమ్మ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పింది.

ఆమెకు అప్పుడు తొమ్మిదేళ్ళట. సైనికులొచ్చి, సాయంత్రంలోగా ఊరు ఖాళీ చెయ్యండి అన్నారట. వాళ్ళ నాన్న ఇంకో ముగ్గురిని కేకేసి, గిన్నెలూ చెంబులూ వదిలేసి, తమ యూదుల ప్రార్థన మందిరం గడపని గునపాలతో పెకలించి బండి మీదకెక్కించాడట. ఆమె అన్నయ్య, పద్నాలుగేళ్ళవాడు, పిండిమరకు వెళ్ళి ఇంకా రాలేదు. రాయి ఎక్కించడానికి టైముంది గానీ నా కొడుకు కోసం ఆగడానికి లేదా అని తల్లి అడిగిందట. సైనికులు బండి తోలించేశారు. పిల్లాడు మళ్ళీ కనబడలేదు.

కొత్తచోట ప్రతి సాయంత్రం తల్లి తలుపుకేసి చూస్తూ కూర్చునేదట. నాన్న పక్కన కూర్చుని, పాత ప్రవక్త పలికిన మాటను హీబ్రూలో చదివి, ఇంటిభాషలో విడమర్చి చెప్పేవాడట. చెరలోకి పోయిన జనానికి, పిల్లలు పోయి ఏ ఓదార్పూ పట్టని తల్లికి, దేవుడిచ్చిన మాట అది. వస్తాడా అని తల్లి, వస్తాడు రాసి ఉంది అని తండ్రి. చుట్టుపక్కలవాళ్ళు అప్పటికే ఆ పిల్లాణ్ణి 'ఉండేవాడు' అనడం మొదలుపెట్టారు. ఆ ఇంట్లో మాత్రం చివరిదాకా 'వస్తాడు' అనే అన్నారు. తల్లి పోయేముందు కూతురితో చేతిలో చెయ్యి వేయించుకుంది, మనకంటూ ఒక గుమ్మం కట్టుకున్ననాడు ఈ రాయి మీద ఆ మాట రాయించమని. అద్దె గదుల్లోనే డెబ్బై ఏళ్ళు ప్రార్థనలు చేసుకున్నారు. ఇప్పటికి సొంత మందిరం లేచింది. ఆ గడప దాటి నడిచినవాళ్ళలో ఈమె ఒక్కతే మిగిలింది. ఆమెకూ ఎనభై దగ్గరపడుతున్నాయి, కళ్ళకు పొరలు కమ్మాయి. వచ్చే విశ్రాంతి దినానికి ముందే రాయిని గుమ్మం పక్క గోడలో నిలబెట్టాలి.

తండ్రి చెప్పినదాన్ని తన మాటల్లో పెట్టుకుని ఆమె కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకొచ్చింది. "ఏడుపు చాలించు తల్లీ. చెదిరిన నీ బిడ్డలు తమ గడపకు తిరిగి వస్తారు." అంతే. పల్లానికి పైన రెండు వరసల్లో రావాలంది. పల్లానికి కింద జానెడు చోటు మిగులుతుందని, అక్కడ ఏదైనా లత చెక్కనా అని మేస్త్రి అడిగాడు. వద్దండీ, ఖాళీగా ఉండనీయండి, మా అన్నయ్య కోసం అనుకుంటాను అంది పంతులమ్మ. ఆ మాటకు మేస్త్రి తల వంచుకున్నాడు.

సుద్దతో రాసిన రోజు, ఏం ఖర్మో, కొడుకు పోయిన రోజే వచ్చింది. కోడలు షెడ్డుకు రాలేదు. ఆమె ఆ రోజు ఎక్కడికీ రాదు, లోపలి గదిలో గోడకేసి తిరిగి పడుకుంటుంది. మేస్త్రి ఒక్కరోజు ఆగితే ఏం పోయేది? కానీ ఖాళీగా కూర్చుంటే ఆ ఫోను చెవిలో మోగుతూనే ఉంటుంది. చేతికి పని చెబితే మనసు కుదుటపడుతుందనుకున్నాడు. కాగితం చూసి రాశాడు, ముందునుంచి చదువుకున్నాడు, బాగానే ఉందనిపించింది. ఉలి తీసి మధ్యాహ్నం దాటేవరకూ చెక్కాడు.

మర్నాడు పొద్దున కోడలు వచ్చి, తడిగుడ్డతో పొడి తుడిచి, అలవాటుగా చివరనుంచి వేలు పెట్టి చదివింది. రు, చ్చా, వ. ఆగింది. మళ్ళీ చదివింది. కాగితం తీసి చూసింది.

"మామయ్యా," అంది మెల్లగా, "ఇక్కడ స్తా ఉండాలి."

మేస్త్రి వచ్చి వంగి చూశాడు. వస్తారు అని ఉండాల్సినచోట వచ్చారు అని ఉంది. నున్నగా, లోతుగా, ఒక్క గీత కూడా వంకరపోకుండా ఉంది. ఆయన జీవితంలో అంత అందమైన చ్చా ఇంకోటి చెక్కలేదు. చేతిని ఎవరో పట్టుకుని రాయించినట్టు, మనసులో ఏం కోరుకున్నాడో అది రాతి మీదకు దిగిపోయింది. స్టూలు మీద కూలబడ్డాడు. సిగ్గు కాదు, అంతకంటే పెద్దది. ఒక చచ్చిపోయిన తల్లికి ఇచ్చిన మాటను తాను పాడుచేశాడు.

ఏం చెయ్యొచ్చో ఇద్దరూ ఆలోచించారు. మొత్తం ముఖాన్ని అరగదీసి మళ్ళీ చెక్కొచ్చు, కానీ అప్పుడు ఆ పల్లం పోతుంది, పల్లం పోతే అది గడపే కాదు. చ్చాలో రాతిపొడి, జిగురు కలిపి కూరి, ఆరాక దాని మీదే స్తా చెక్కొచ్చు అంది కోడలు. నిన్న తాను వచ్చి ఉంటే ఇది జరిగేది కాదన్న బాధలో ఉందామె. పంతులమ్మకు కళ్ళు సరిగ్గా కనబడవు కదా అని కూడా అని, అన్నాక తనే నాలుక కరుచుకుంది. రెండు వానలకు ఊడిపోతుందమ్మా అన్నాడు మేస్త్రి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. వెళ్ళి చెప్పడమే.

వెళ్ళక్కర్లేకపోయింది. ఇంకో గంటకు పంతులమ్మే చేతికర్ర తాటించుకుంటూ వచ్చింది. నాలుగు రోజులే ఉంది, మనసు ఆగలేదంది. ఆమె కూర్చోకముందే మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పంతులమ్మగారూ, తప్పు చేశాను. దిద్దుకోలేని తప్పు."

ఆమె రాయి దగ్గరకు వెళ్ళి, చూపుడువేలు మొదటి అక్షరంలో పెట్టి, కాలవలో నీళ్ళు నడిచినట్టు నెమ్మదిగా నడిపించింది. ఏడుపు చాలించు తల్లీ. వేలు రెండో వరసకు వచ్చింది. గడపకు. తిరిగి. చ్చా దగ్గర ఆగింది. రోడ్డు మీద ఏదో బండి హారన్ కొట్టుకుంటూ పోయింది. వేలు మాత్రం ఆ అక్షరంలోనే ఉంది. తిడుతుందని మేస్త్రి ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"ఇలా రాయమని మీకు ఎవరు చెప్పారు?" అంది చివరికి.

ఎవరూ చెప్పలేదు, తానే అన్నాడు. నిన్న ఏం రోజో, కోడలు ఎందుకు రాలేదో, తన మనసు ఎక్కడ తిరుగుతోందో, దాచకుండా చెప్పేశాడు. పంతులమ్మ వింటూ స్టూలు మీద కూర్చుంది. తర్వాత చిత్రమైన సంగతి చెప్పింది. ప్రవక్త పలికిన హీబ్రూలో ఆ మాట ఒంటిగా చూస్తే అర్థం వచ్చారు అనేనట, జరిగిపోయిన పని చెప్పే మాటేనట. దాని ముందు ఒక చిన్న అక్షరం తగిలిస్తారు. నిలబెట్టిన మేకులా ఉంటుంది, ఆ అక్షరం పేరుకే కొక్కెం అని అర్థం. ఆ కొక్కెం పట్టుకుని లాగితే, వచ్చారు అన్నది వస్తారు అయిపోతుంది. కొన్నిచోట్ల ప్రవక్తలు ఆ కొక్కెం కూడా లేకుండానే మాట్లాడతారట. చీకట్లో ఉన్నవాళ్ళను పట్టుకుని, వెలుగు చూసేశారు అనేస్తారు. చెప్పేవాడికి అది అయిపోయిన పనే కాబట్టి అలా అంటారని వాళ్ళ నాన్న చెప్పేవాడట.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. అయితే ఫరవాలేదన్నమాటేగా అన్నాడు.

పంతులమ్మ తల అడ్డంగా ఊపింది.

"ప్రవక్త అనొచ్చు మేస్త్రిగారూ. నేను అనలేను. మా అన్నయ్య రాలేదు. మా అమ్మ అలా చూస్తూనే పోయింది, రాలేదు. మా పిల్లలంతా వచ్చి గుమ్మం దగ్గర దీన్ని చదువుతారు. వచ్చారా, ఎక్కడ అని అడిగితే నేనేం చూపించను? కొక్కెం లేకుండా ఈ మాట మా గుమ్మంలో పెడితే, నా వరకూ అది అబద్ధం."

అంటూ ఏడ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి, శబ్దం లేకుండా, చేతికర్ర మీద గడ్డం ఆనించి ఏడ్చింది. తన నలభై ఏళ్ళ పనితనం ఆ కన్నీళ్ళ ముందు ఎందుకూ కొరగాకుండా పోయినట్టనిపించింది మేస్త్రికి. ఎక్కడైనా ముఖం దాచుకోవాలనిపించింది.

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ కోడలు కదిలింది. రాయి దగ్గరకు వచ్చింది. పల్లానికి కింద మిగిలిన జానెడు చోటు మీద చెయ్యి పెట్టింది.

"మనకీ ఉంది కదండీ కొక్కెం," అంది. "వాళ్ళ భాషలో ముందు తగిలిస్తారు. మనం వెనక తగిలిస్తాం."

ఏమిటది అని పంతులమ్మ అడిగింది. మేస్త్రికి అర్థమైపోయింది. అర్థమై, వద్దమ్మా అన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆమె ఆయన వైపు చూడలేదు.

"అనుకో," అంది. "తిరిగి వచ్చారు, అనుకో."

నాలుగేళ్ళ తర్వాత ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. పంతులమ్మ పెదవులతో ఒకటి రెండుసార్లు అనుకుని చూసుకుంది. ఆమె పాఠాలు చెప్పిన మనిషి, ఊరికే ఒప్పుకునే రకం కాదు. అనుకో అంటే ఉత్త ఊహ కదమ్మాయీ, లేనిదాన్ని ఉందనుకోమని బుజ్జగించడం కదా అంది.

"కాదండీ." కోడలు మామగారి వైపు తిరిగింది, ఈ జవాబు ఆయనకు కూడా అన్నట్టు. "మా ఆయన చివరగా నాతో అన్న మాట అదే. వచ్చేశాననుకో అన్నాడు. రాలేదు. ఆ మాటే నన్ను మోసం చేసిందని ఇన్నాళ్ళూ దాని మీద కోపం పెట్టుకున్నాను. కానీ రావాలని లేనివాడు ఆ మాట అనడు కదండీ. రావాలని లేనివాడు, చూద్దాంలే అంటాడు. ఆయన మనసులో అప్పటికే ఇంట్లో ఉన్నాడు. రోడ్డు ఆయన చేతిలో లేదు, అంతే."

ఊపిరి తీసుకుంది.

"రోడ్డు కూడా చేతిలో ఉన్నవాడు ఆ మాట అంటే, మరి మీరు నమ్మరా?"

పంతులమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ రోడ్డు నిజంగా దేవుడి చేతిలో ఉందా అని నేను డెబ్బై ఏళ్ళనుంచి రోజూ అడుగుతూనే ఉన్నానమ్మా అంది. కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుని, మా నాన్న బతికుంటే ఈ పాఠం నీ దగ్గర కూర్చుని చెప్పించుకునేవాడు అంది. తర్వాత మేస్త్రితో రెండే మాటలంది.

"చెక్కండి. అక్కడే."

అన్నయ్య కోసం ఖాళీగా ఉంచమన్న చోటు అది.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి ఆ జానెడు చోటులో సుద్దతో మూడక్షరాలు రాశాడు. రాసి పక్కకు జరిగాడు. చదవమ్మా అన్నాడు. కోడలు చివరన నిలబడి వేలు పెట్టింది. కో అంది. ను అంది. అక్కడ వేలు ఆగింది. మేస్త్రి తొందరపెట్టలేదు. అ అంది. అక్కడితో ఆపకుండా పల్లం దాటి పై వరసకు వెళ్ళి, రు, చ్చా, వ అని కూడా చదివింది. సరిగ్గా ఉంది మామయ్యా, కొట్టండి అంది.

ఆయన కొట్టాడు. అంత జాగ్రత్తగా ఎప్పుడూ కొట్టలేదు. కో ఓత్వం తిరిగేచోట ఉలిని మూడుసార్లు మార్చాడు. పక్కన కూర్చుని కోడలు పై వరసలకు నల్లరంగు నింపుతూ పోయింది. ఎండ బల్ల దాకా వచ్చింది. మధ్యాహ్నమైంది.

కోడలు కుంచె కడిగి లేచింది. నేను ముందు వెళ్తున్నాను, భోజనానికి వచ్చేయండి అంటూ రోడ్డెక్కింది. మేస్త్రి తల ఎత్తలేదు. చివరి అక్షరంలో ఇంకో నాలుగు దెబ్బలే మిగిలాయి. పని ధ్యాసలో, పాత అలవాటున, చూసుకోకుండా నోరు జారింది.

"కంచాలు పెట్టెయ్ అమ్మా, వచ్చేశాననుకో."

అన్నాక విన్నాడు. సుత్తి గాల్లోనే ఆగిపోయింది. తల తిప్పి చూస్తే, కోడలు రోడ్డు మధ్యలో నిలబడిపోయి ఉంది. వెనక్కి తిరగలేదు. అలా ఎంతసేపుందో ఏమో, చివరికి "సరే మామయ్యా" అంది, ఇంటివైపు నడిచింది.

ఆమె మలుపు తిరిగేదాకా చూసి మేస్త్రి సుత్తి దించాడు. మిగిలిన నాలుగు దెబ్బలు కొట్టలేదు. ఉలి చేతిలోంచి బల్ల మీద పడింది, పొడితో, తడితో, కడగకుండా, తుడవకుండా. నలభై ఏళ్ళలో మొదటిసారి దాన్ని అలాగే వదిలేసి, చెప్పులు వెతుక్కునే ఓపిక కూడా లేక, ఉత్తకాళ్ళతో రోడ్డు మీద పడ్డాడు. మోకాళ్ళ నొప్పి మనిషి నడవలేదు, పరిగెత్తాడు. ఎదురొచ్చినవాళ్ళు ఏమైంది మేస్త్రీ అంటే ఆగలేదు. వీధి మలుపు దగ్గర రొప్పు వచ్చి స్తంభం పట్టుకున్నాడు, వదిలేసి మళ్ళీ పరిగెత్తాడు.

ఇంట్లో కోడలు రెండు కంచాలు తీసింది. ఒకటి పెట్టింది. రెండోది పెట్టి, దాని మీదనుంచి చెయ్యి తియ్యకుండా తలుపుకేసి చూస్తూ కూర్చుంది. ఆ చెయ్యి ఇంకా తియ్యకముందే గడపలో ఆయన నీడ పడింది.